కుళాయి నీళ్లు మారితే... కాచే ముందు కారణం తెలుసుకుందాం

మార్చి వచ్చిందంటే డాలస్ ఉత్తర శివార్లలోని మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. ‘మీ ఇంట్లో కూడా నీళ్లు స్విమ్మింగ్ పూల్ వాసన వస్తున్నాయా?’ ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఆలెన్... ఏ ఊరివాళ్లయినా అడిగేది అదే. వచ్చే జవాబూ ఒకటే: ‘కాచి తాగండి’. చిన్నప్పటి నుంచి మనకు తెలిసిన మందు అది. కలరా, కామెర్ల రోజుల్లో మన ఊళ్లలో ఎందరినో కాపాడింది కూడా. అయితే నీళ్లలో వచ్చే ప్రతి మార్పుకూ అది మందు కాదు. కొన్నిసార్లు కాచడమే ప్రమాదం. నాకు తెలిసింది నలుగురికీ చెబుదామని ఇది రాస్తున్నాను.

మార్చిలో క్లోరిన్ వాసన

మా ప్రాంతానికి నీళ్లిచ్చేది నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలో క్రిములు పెరగకుండా క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమైన్ వాడతారు. ఏటా వసంతంలో కొన్ని వారాలు అమ్మోనియా ఆపి క్లోరిన్ ఒక్కటే కలుపుతారు. పైపుల లోపలి గోడలకు పట్టిన జిగురు పొరను వదిలించడానికే ఇదంతా. అమ్మోనియా లేనప్పుడు క్లోరిన్ వాసన ఘాటుగా తెలుస్తుంది. ఆ రోజుల్లో నీళ్లు వెడల్పాటి గిన్నెలో పట్టి ఫ్రిజ్‌లో పెడితే చాలావరకు పోతుంది. క్లోరమైన్ మాత్రం అలా తేలిగ్గా పోదు. ఇంట్లో చేపల తొట్టి ఉన్నవాళ్లు రెండింటినీ విరిచే మందు వేశాకే నీళ్లు మార్చాలి. ఇంట్లో డయాలసిస్ చేసుకునేవారు ముందుగా తమ వైద్య సిబ్బందిని అడగాలి.

ఎండాకాలంలో మట్టి వాసన

ఎండలు ముదిరితే చెరువుల్లో నాచు పెరుగుతుంది. అందులోని కొన్ని జీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. తొలకరి జల్లుకు మన నేల నుంచి లేచే కమ్మటి వాసన కూడా దానిదే. అది నేల మీద బాగుంటుంది గానీ గ్లాసులో బాగుండదు. లక్షల కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మన ముక్కు పట్టేస్తుంది. దానివల్ల ఆరోగ్యానికి హాని లేదు. నీళ్లు చల్లబరిచి నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే తెలియకుండా పోతుంది.

కారణం మన ఇంట్లోనే ఉండొచ్చు

మేం ఒక వేసవిలో నెల రోజులు ఇండియా వెళ్లి వచ్చేసరికి స్నానం నీళ్లు కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టాయి. చల్లటి నీళ్లకు ఆ వాసన లేదు. అంటే తప్పు ఊరి నీళ్లది కాదు, వాటర్ హీటర్‌ది. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ పెడతారు. నీళ్లు కదలకుండా నిలిచిపోతే ఒకరకం బ్యాక్టీరియా ఆ కడ్డీ సాయంతో ఈ వాసన పుట్టిస్తుంది. ప్లంబర్ ట్యాంకు కడిగి కడ్డీ మార్చాక పోయింది.

నీళ్లు పాలలా తెల్లగా వస్తే గ్లాసులో పట్టి చూడండి. అడుగు నుంచి పైకి తేటపడితే అవి గాలి బుడగలే. ఎర్రగా, గోధుమరంగులో వస్తే వీధిలో ఎక్కడో మెయిన్ పైపు పగిలిందనో, ఫైర్ హైడ్రెంట్ తెరిచారనో అనుకోవచ్చు. పైపు అడుగున పేరుకున్న తుప్పు కదిలి వస్తుంది. తేటపడేదాకా చల్లటి కుళాయి వదిలి ఉంచండి. ఆలోగా బట్టలు ఉతికితే మరకలు పడతాయి.

కాచకూడని నీళ్లు

2014 ఆగస్టులో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో నీళ్లు తాగొద్దు, కాచనూ వద్దు అని ప్రకటించారు. ఈరీ సరస్సులోని నాచు వదిలిన విషం నీళ్లలో కలిసింది. కాస్తే నీళ్లు ఆవిరై విషం మరింత చిక్కబడుతుంది.

సీసం సంగతీ ఇంతే. అదే ఏడాది ఏప్రిల్‌లో మిషిగన్‌లోని ఫ్లింట్ నగరం నీళ్లు తెచ్చుకునే చోటు మార్చింది. పైపులు తినేయకుండా ఆపే మందు కలపకపోవడంతో పాత పైపుల్లోని సీసం నీళ్లలోకి దిగింది. సీసానికి రంగు, రుచి, వాసన ఉండవు. పసిపిల్లల మెదడుకు అది చేసే హాని తిరిగి రాదు. 1986కు ముందు కట్టిన ఇల్లయితే పరీక్ష చేయించడం మంచిది. ఫిల్టర్ కొనేటప్పుడు సీసానికి ‘ఎన్‌ఎస్‌ఎఫ్ 53’ గుర్తింపు ఉందేమో చూడండి. త్వరగా ఉడుకుతుందని వేడినీళ్ల కుళాయి నుంచి పట్టి పప్పు, అన్నం వండొద్దు. పాపాయి పాలపొడీ కలపొద్దు. వేడి నీళ్లు సీసాన్ని ఎక్కువగా కరిగిస్తాయి.

కాచి తీరాల్సిన నీళ్లు

2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సాస్ అంతటా పైపులు పగిలాయి, పంపులు ఆగాయి. పైపులో ఒత్తిడి తగ్గితే బయటి మురికిని లోపలికి లాగే ప్రమాదం ఉంటుంది. అందుకే ‘బాయిల్ వాటర్ నోటీసు’ ఇస్తారు. అప్పుడు నీళ్లు తెర్లడం మొదలయ్యాక నిమిషం పాటు మరగనివ్వాలి. పళ్లు తోముకోవడానికీ అవే వాడాలి. నోటీసు ఎత్తేశాక ఫ్రిజ్‌లోని ఐసు పారేసి, ఫిల్టరు మార్చాలి.

నోటీసు ఏమంటుందో పూర్తిగా చదవడమే అసలు పని. ‘కాచి వాడండి’ వేరు, ‘వాడొద్దు’ వేరు. ఆ అలర్టులు ఇంగ్లిష్‌లో మన ఫోన్లకు వస్తాయి. మనం ఆఫీసులో ఉంటాం. ఇంట్లో ఉండేది ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, పసిపిల్లలు. నగరం అలర్టులకు ఈరోజే మీ నంబరు నమోదు చేసుకోండి. బిల్లు మీదున్న నీటి శాఖ ఫోన్ నంబరును తెలుగులో పేరు రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించండి. నాలుగు సీసాల నీళ్లు ఎప్పుడూ విడిగా ఉంచి, అవి ఎక్కడున్నాయో పెద్దవాళ్లకు చూపించండి.