బర్రె కార్జంల జలగ

సముద్రంల పగడపు దిబ్బల మీద ఒక పురుగుంటది. ఆకంత పల్చగ, రంగురంగులుగ, పట్టుచీర అంచు గాలికి ఆడినట్టు ఈదుతది. ఫోన్లల్ల ఆ వీడియోలు చూసి మనోళ్లు మురుస్తున్నరు. దాని సుట్టం మన భద్రాచలం అడివంచు ఊర్లల్లనే ఉంది, బర్ల కార్జంల, గొర్ల కార్జంల. రెండూ బల్లపరుపు పురుగుల జాతే. ఊపిరితిత్తులు లేవు, ఒకే ఒంట్ల ఆడా మగా.

ఊర్లల్ల దీని రోగాన్ని జలగ రోగం అంటరు. నెత్తురు పీల్చే చెరువు జలగ వేరు, ఇది వేరు. శాస్త్రం పేరు ఫాసియోలా జైగాంటికా. పెరిగితే మూడంగుళాల దాక పోతది.

పెండల పడ్డ గుడ్డు నీళ్లకు చేరి పొదిగితే, పిల్ల బయటికొచ్చి నత్తల దూరుతది. దూరింది ఒక్కటే, నత్త లోపల వందలైతయి. అవి బయటికొచ్చి నీటంచు గడ్డిపోసకు, వరి మొదలుకు అంటుకొని కంటికి ఆనీ ఆనని గుల్ల కట్టుకుంటయి. మేతతోని గుల్ల కడుపులకు పోతది. పిల్లజలగ పేగు తొలిచి, రెండు నెలల పైనే కార్జాన్ని తినుకుంట తిరిగి, పిత్తనాళాలల్ల కాపురం పెడతది. పసురం చిక్కిపోతది, పాలు తగ్గుతయి, దవడ కింద నీరు దిగుతది.

"నట్టల మందు తాపినం గదా" అంటరు. ఆల్బెండజోల్ మోతాదు పెంచితే పెద్ద జలగలను చంపుతది గని పిల్లవాటిని ముట్టది. పిల్లల్ని గూడ చంపేది ట్రైక్లాబెండజోల్. పసుల దవాఖానల ఏ మందు పోస్తున్నరు, మల్ల ఎప్పుడు పొయ్యాలె అని అడగాలె. అడుగుడు తప్పు కాదు.

చెరువు ఎండుతుంటే శిఖంల పచ్చగడ్డి మొలుస్తది. ఆ గడ్డి మీదనే గుల్లలు. అక్కడ మేపొద్దని కరపత్రాల రాసుడు అల్కగ ఉంటది. మరెక్కడ మేపాలె? చర్ల, ములకలపల్లి దిక్కు తిరిగినప్పుడల్లా కాపర్లు నన్ను అడిగేది ఇదే. ప్లాంటేషన్ల సుట్టు కందకాలు తవ్విండ్రు, బీళ్లు చేన్లయినయి, మిగిలింది చెరువంచే. 2022 జులైల గోదారి భద్రాచలం కాడ 71 అడుగులు దాటింది. అసొంటి వరద తీసినంక గుంటలల్ల నీళ్లు నిలుస్తయి, నత్తలకు అదే కావాలె. మేత భూమి లెక్క తియ్యకుంట ఒక్క మందు మీదనే భారం ఏస్తే రోగం ఏటేటా తిరిగొస్తది.

అందాక చేతనైనయి కొన్నున్నయి. నీళ్లల్ల మునిగిన మొదలు ఇడిసి పైగడ్డి కొయ్యాలె, బాగ ఎండబెట్టాలె. తాగే నీళ్లు తొట్టిల పెట్టాలె. బాతులుంటే నత్తల్ని ఏరుకొని తింటయి.

కోసినప్పుడు కార్జంల జలగ కనవడితే తిన్నోళ్లకు రోగమొస్తదని భయపడ్తరు. ఉడికిన కార్జంతోని ఇది అంటదు. మనిషికొచ్చేది గుల్లలున్న నీటాకులు పచ్చిగ తింటే, ఆ నీళ్లు తాగితే.