ముంబయి తీర్పు కరీంనగర్‌లో చెల్లుతుందా?

కామాటిపురకు ఆ పేరు తెచ్చింది తెలుగు కూలీలే. నిజాం ఇలాకా నుంచి వలస వచ్చి ముంబయి కట్టడాలకు రాళ్లెత్తిన వాళ్లను ఇక్కడ కామాటీలు అన్నారు. తరాలు మారినా ఈ గల్లీలకు తెలంగాణ పల్లెలతో వియ్యాలు తెగలేదు. పెళ్లి ఊళ్లో, కాపురం చాల్‌లో, తగాదా రెండుచోట్లా. అది ముదిరినప్పుడు ఏ తీర్పు ఎక్కడ చెల్లుతుందో తెలియక నష్టపోయేది ఎక్కువగా ఆడవాళ్లే.

అపోహ: కులపెద్దలు బాండు పేపరు రాయిస్తే విడాకులైనట్టే.

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయింది ఇదే. ఇకమీదట ఒకరికొకరు ఏమీ కారని రెండు వాక్యాలు, కింద సాక్షుల సంతకాలు, భార్య వేలిముద్ర. స్టాంపు కాగితం కాబట్టి సర్కారు ముద్ర పడిందని నమ్ముతారు. కుల పంచాయితీ కోర్టు కాదు, దాని మాట డిక్రీ కాదు. 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం తీసుకునే విడాకులను కాపాడిన మాట నిజమే. అయితే ఆ కులంలో ఆ ఆచారం అనాదిగా ఉందని కోర్టులో చెప్పుకొని, సాక్ష్యాలతో రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. రుజువు కాకపోతే మొదటి పెళ్లి నిలిచే ఉంటుంది. ఆ కాగితాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకున్న ఆడమనిషికి భార్య హోదా దక్కదు.

పెద్దమనుషులు కుదిర్చిన రాజీ వృథా కానక్కర్లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే ఫ్యామిలీ కోర్టులో పరస్పర అంగీకారంతో విడాకులు అడగొచ్చు. డబ్బు లెక్కలు లోక్ అదాలత్‌లో తేల్చుకుంటే, 1987 చట్టం ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం.

కోర్టుకెక్కినందుకు కులం నుంచి వెలివేస్తే? మహారాష్ట్రలో అది నేరం. 2017 జూలై 3 నుంచి అమల్లో ఉన్న సాంఘిక బహిష్కార నిరోధక చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అపోహ: ముంబయి బాంద్రా కోర్టు ఆర్డరు తెలంగాణలో పనికిరాదు, భర్త ఊరికి పోతే ఎవరేం చేస్తారు?

చేయగలరు. రాజ్యాంగం 261వ అధికరణ ప్రకారం దేశంలో ఏ సివిల్ కోర్టు తుది తీర్పునైనా ఎక్కడైనా అమలు చేయించుకోవచ్చు. డబ్బు డిక్రీ అయితే అవతలి మనిషి ఆస్తి ఉన్న జిల్లా కోర్టుకు బదిలీ చేయించాలి, గడువు పన్నెండేళ్లు. భరణం దారి ఇంకా సులువు. భర్త ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటే ఆర్డరును అమలు చేయవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 147వ సెక్షన్ చెబుతోంది. మళ్లీ మొదటి నుంచి కేసు వేయనక్కర్లేదు, ఆర్డరు నకలు ఆమెకు ఉచితం. ఒక్క జాగ్రత్త: బాకీ పడిన ఏడాదిలోపు అర్జీ పెట్టాలి. గృహహింస చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు కూడా దేశమంతా చెల్లుతుంది.

ఒకచోటి ఉత్తర్వు మరోచోట చెల్లే ఏర్పాటు బయటి దేశాల్లోనూ ఉంది. అమెరికాలో ఆదివాసీ తెగలకు సొంత కోర్టులున్నాయి. తెగ కోర్టు ఒక మహిళకు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును రాష్ట్రాలన్నీ పాటించాలని అక్కడి 1994 చట్టం చెబుతోంది. రెండు షరతులు: ఆ కోర్టుకు అధికార పరిధి ఉండాలి, అవతలి పక్షానికి తన వాదన చెప్పుకునే అవకాశం దొరకాలి. విదేశీ తీర్పులను మన కోర్టులు తూచేటప్పుడూ ఈ రెండూ చూస్తాయి.

అపోహ: విదేశీ కోర్టు విడాకులిస్తే ఇక తిరుగులేదు.

1975లో తిరుపతిలో పెళ్లైన ఒకాయన అమెరికాలోని మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. ఆ విడాకులు చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది: అతను అక్కడ నిజంగా స్థిరపడలేదు, ఆమె ఆ కోర్టు పరిధికి ఒప్పుకోలేదు, చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లలో దీనికి తలకిందులైన నమ్మకం ఒకటుంది: విమానం ఎక్కితే దుబాయ్ అప్పు అక్కడే ఉండిపోతుందని. 2020 జనవరి 17న కేంద్రం యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద నోటిఫై చేసింది. అప్పటి నుంచి అక్కడి నోటిఫైడ్ కోర్టుల డబ్బు డిక్రీని మన జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టవచ్చు. అలా నోటిఫై చేసిన దేశాల జాబితాలో అమెరికా లేదు. అక్కడి తీర్పు ఆధారంగా ఇక్కడ మూడేళ్లలోపు కొత్త దావా వేసుకోవాల్సిందే.