మెడపూసల జబ్బు – చిన్నగాటు శస్త్రచికిత్స

మెడ వెనుక చిన్న గాటు పెట్టి, సన్నని గొట్టము గుండ లోపలి ఒత్తిడిని తొలగించు శస్త్రచికిత్సను గూర్చి సభ్యసోదరులు పలువురు వినియుందురు. అది తమకు తగునా యను ప్రశ్న నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల సేద్యగాండ్రకు మిక్కిలి ముఖ్యమైనది. ఏలయన, ఇచ్చటి మెడ జబ్బులన్నియు ఒక్క తీరువి కావు.

మెడలో ఏడు పూసలు కలవు. వాని నడుమ మెత్తని బిళ్లలును, వెనుక దారిలో వెన్నుపామును ఉన్నవి. ఒక బిళ్ల జారి చేతికి పోవు నరమును నొక్కినచో, నొప్పి ఒక భుజము మీదుగా వ్రేళ్లవఱకు దిగును, తిమ్మిరి పట్టును. పెక్కుమందికిది కొన్ని వారములలో మందులతోడను, తగిన వ్యాయామముతోడను శాంతించును. శాంతింపనిచో చిన్నగాటు చికిత్స ఉపయోగపడును. 1944లో అమెరికా వైద్యులు స్పర్లింగ్, స్కోవిల్ గారలు మెడ వెనుకనుండి నరమును విడిపించు పద్ధతిని ప్రకటించిరి. తరువాత సూక్ష్మదర్శినియు, గొట్టపు పనిముట్లును వచ్చినవి. ఇప్పుడు కండరములను పెద్దగా కోయక, ప్రక్కకు ఒత్తిగించి పనిచేయుదురు. గాటు రమారమి ఒక అంగుళము, రక్తస్రావము తక్కువ, రోగి త్వరగా ఇల్లు చేరును.

మన ప్రాంతపు రెండవ జబ్బు వేఱు. ఇచ్చటి రాతిపొరలలోని ఫ్లోరైడు బావి, బోరు నీటిలో కరిగి వచ్చును. ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో షార్ట్ మొదలగు వైద్యులు వర్ణించిరి. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లాను గూర్చి బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. దీనివలన వెన్నుపాము నలుగు విధమును హైదరాబాదు నరముల శస్త్రవైద్యులు డాక్టరు డి. రాజారెడ్డిగారు దీర్ఘకాలము పరిశోధించిరి.

ఆ నీరు ఏండ్ల తరబడి త్రాగినచో పూసలు దట్టమగును. వానిని కట్టియుంచు పట్టీలు సైతము ఎముకవలె గట్టిపడి, వెన్నుపాము దారి ఇఱుకగును. మొదట మెడ బిగిసి, తలయెత్తి చెట్టుకొమ్మను చూచుటయే కష్టమగును. పిదప చేతులు మొద్దుబారి, గుండీ పెట్టుకొనుట, ఎద్దుకు పలుపు ముడివేయుట చేతగాదు. కాళ్లు బిగిసి నడక తూలును. తుదకు మూత్రము అదుపు తప్పును.

ఇట్టివారికి చిన్నగాటు సాధారణముగా చాలదు. ఒత్తిడి ఒక్కచోట గాక పెక్కు పూసల పొడవున ఉండును; గట్టిపడిన పట్టీ వెన్నుపాము పొరకు అంటుకొనియుండవచ్చును. కావున పెక్కు పూసల వెనుకభాగమును తొలగించి దారి వెడల్పు చేయవలసివచ్చును. కనుక చిన్నగాటను మాట విని, పొలము కుదువబెట్టి తొందరపడరాదు. ఎం.ఆర్.ఐ., సి.టి. చిత్రములను నరముల శస్త్రవైద్యునికి చూపి, నొక్కబడినది నరమా, వెన్నుపామా, ఎన్ని పూసల పొడవున అని అడుగవలెను. వెన్నుపాము నలుగుచున్నచో జాగు కూడదు. కాళ్లు పడిపోయిన పిదప చికిత్స చేసినను మునుపటి బలము రాకపోవచ్చును. క్షౌరశాలలలో మెడ విరిపించుకొనుట ఇట్టివారికి ప్రాణాపాయము.

ఖర్చు మాట. 2007 ఏప్రిలు 1న ఆరోగ్యశ్రీ పథకము మొట్టమొదట ఆరంభమైన మూడు జిల్లాలలో మహబూబునగరు ఒకటి. తమకు చెప్పిన చికిత్స అందులో చేరునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగిన తరువాతనే అప్పు మాట తలపెట్టవలెను.

శస్త్రము ఒత్తిడిని తీయగలదు గాని ఎముకలో చేరిన ఫ్లోరైడును తీయలేదు. త్రాగు నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని భారత ప్రమాణము. వేఱు నీరు దొరకనిచోట 1.5 వఱకు ఓర్చుకొనవచ్చును. నీరు కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. పటిక, సున్నము కలిపి దానిని తగ్గించు విధానమునకు లోకమంతట నల్లగొండ పద్ధతి యనియే పేరు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ వలన నదీజలము గ్రామములకు వచ్చినది. అయినను ఇంట ఆ నీరు త్రాగి, పొలమున దప్పియైనప్పుడు బోరు పంపు క్రింద దోసిలి పట్టినచో ఫలమేమి? పొలమునకు సద్దితోపాటు ఇంటి నీటిని గూడ కొనిపోవలెను. కూలీలకును ఆ నీరే ఇయ్యవలెను. బోరు నీరు త్రాగక తప్పనిచో ముందు పరీక్ష చేయించవలెను. ఈ పనికి ఏ గాటును అక్కఱలేదు.