చిప్పును తిరిగి రాసే పెన్ డ్రైవ్

కంప్యూటరు స్విచ్ నొక్కిన తరువాత తెర మీద విండోస్ గుర్తు కనిపించేలోగా గడిచే కొద్ది సెకన్లలో యంత్రాన్ని నడిపించేది విండోస్ కాదు, మదర్‌బోర్డు మీద అతికి ఉన్న ఒక చిన్న ఫ్లాష్ చిప్పులోని ప్రోగ్రాము. కరెంటు అందగానే ప్రాసెసర్ ముందే నిర్ణయించిన ఒక చిరునామాలో మొదటి ఆదేశం కోసం చూస్తుంది. ఆ చిరునామా ఈ చిప్పుకే దారి తీస్తుంది కనుక, మెమొరీని సిద్ధం చేయడం, కీబోర్డునూ డిస్కునూ గుర్తించడం, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందో వెతికి దానికి పగ్గాలు అప్పగించడం అన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. ఇలా యంత్రంతోపాటే వచ్చి దానిలో భాగంగా ఉండిపోయే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరు వచ్చిననాటి నుంచి దీనికి బయోస్ అన్న పేరు స్థిరపడింది. ఇంటెల్ మొదలుపెట్టిన కొత్త పద్ధతిని 2005 నుంచి పలు సంస్థల వేదిక ఒకటి యూఈఎఫ్ఐ పేరుతో ప్రమాణంగా నిర్వహిస్తున్నా, రిపేరు షాపుల్లో ఇప్పటికీ వినిపించేది బయోస్ అన్న మాటే. ఈ రంగంలో పేరుమోసిన అమెరికన్ మెగాట్రెండ్స్ సంస్థను 1985లో స్థాపించినవారిలో ఒకరైన సుబ్రమణియన్ శంకర్ భారతీయుడేనన్నదీ, ఆ సంస్థకు చెన్నైలో కార్యాలయం ఉందన్నదీ మన పాఠకులకు అంతగా తెలియని సంగతులు.

ఫర్మ్‌వేర్ కూడా మనుషులు రాసిన ప్రోగ్రామే కాబట్టి దానిలోనూ తప్పులుంటాయి, వాటిని సరిచేసిన కొత్త ప్రతులు వస్తుంటాయి. ఆ కొత్త ప్రతిని చిప్పులోకి ఎక్కించడానికి పెన్ డ్రైవ్ నుంచే కంప్యూటరును లేపి, హార్డ్ డిస్కులోని విండోస్‌ను తాకకుండా పని ముగించే పద్ధతి ఒకటుంది. నెట్ వేగంగా ఉండి, కరెంటు పోని నగరంలో ఈ పద్ధతి అవసరం అంతగా కనిపించదు. తర్లగూడ వంటి ఊళ్లో కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా భోపాలపట్నం తహసీలులో, హైదరాబాదు నుంచి వరంగల్, ఏటూరునాగారం మీదుగా భోపాలపట్నం వెళ్లే 163వ జాతీయ రహదారి తెలంగాణను దాటి బస్తరులో అడుగుపెట్టే చోట, తెలుగు వినిపించే ఊరది. అక్కడి పాఠశాల కంప్యూటరుకో, ఆధార్, బ్యాంకు పనులు చేసిపెట్టే కేంద్రంలోని కంప్యూటరుకో ఫర్మ్‌వేర్ చెడితే దాన్ని బాగుచేయగల పనివాడు దొరికేది బహుశా వరంగల్‌లో. గోదావరి పొంగినప్పుడు సరిహద్దుకు ఇవతల వాజేడు మండలం టేకులగూడెం దగ్గర ఆ రహదారే నీట మునిగి రాకపోకలు ఆగిపోతాయి. అటువంటి చోట ఈ పని చేయాలా వద్దా అన్న ప్రశ్నే ముందు రావాలి.

అన్నీ సవ్యంగా నడుస్తున్న కంప్యూటరుకు, కొత్తది వచ్చింది కదా అని ఫర్మ్‌వేర్ మార్చడం అనవసరమైన సాహసం. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడినప్పుడు హడావుడిగా వచ్చిన సవరణల వల్ల కంప్యూటర్లు వాటంతట అవే రీస్టార్టు కావడం మొదలైంది. అదే నెలలో ఇంటెల్ సంస్థే వాటిని ఎక్కించడం ఆపమని చెప్పవలసి వచ్చింది. అలాగని ఎప్పుడూ ముట్టుకోకపోవడమూ తెలివి కాదు. ఇంటెల్ 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, అవసరానికి మించిన వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని తేలినప్పుడు 2024 ఆగస్టు నుంచి వచ్చిన విరుగుడు బయోస్ ద్వారానే అందింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసరును అది బాగుచేయదు, దెబ్బతినకుండా కాపాడుతుంది, కనుక అక్కడ ఆలస్యమే నష్టం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగియడంతో, విండోస్ 11కు కావలసిన టీపీఎం అనే భద్రతా సదుపాయం కోసం కూడా కొన్ని యంత్రాలకు బయోస్ మార్పు అవసరమవుతోంది. తయారీదారు ఇచ్చే వివరణలో తమ సమస్య పేరు కనిపిస్తే మార్చాలి, లేకపోతే ఊరుకోవాలి. స్థూలంగా ఇదొక్కటే సూత్రం.

మార్చడానికి మూడు దారులున్నాయి. మొదటిది విండోస్‌లోనే ఒక ప్రోగ్రామును నడపడం; సులువైనదే గాని, ఆ సమయంలో యాంటీవైరసూ, విండోస్ సొంత అప్‌డేట్లూ వెనకాల నడుస్తూనే ఉంటాయి, పైగా విండోస్ లేవనే లేవకపోతే ఈ దారి మూసుకుపోతుంది. రెండవది బయోస్ మెనూలోనే ఉండే అప్‌డేట్ సాధనం. దీనికి పెన్ డ్రైవ్ కావాలి కాని అది బూటబుల్, అంటే కంప్యూటరును తానే లేపగలిగేది, కానక్కరలేదు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన మామూలు పెన్ డ్రైవులో ఫైలు ఉంటే చాలు. ఈ తేడా తెలియక బూటబుల్ పెన్ డ్రైవ్ కోసం పూటంతా వృథా చేసేవారు చాలామంది. ఇటీవలి డెస్క్‌టాప్ బోర్డుల్లో ఎక్కువ భాగానికి ఈ రెండవ దారే సరైనది. అటువంటి సాధనం లేని పాత యంత్రాలకూ, తయారీదారు సీడీ ఇమేజ్‌గా మాత్రమే అప్‌డేట్ ఇచ్చే కొన్ని ల్యాప్‌టాపులకూ, సర్వర్లకూ మూడవ దారి, అంటే బూటబుల్ పెన్ డ్రైవ్, తప్పదు.

పెన్ డ్రైవులో ఏదో ఒక ఫైలు కాపీ చేసినంత మాత్రాన అది బూటబుల్ కాదు. పాత బయోస్ దానిలోని ఫైళ్ల పేర్లను చదవలేదు. మొట్టమొదటి 512 బైట్లను మాత్రమే మెమొరీలోకి తెచ్చుకుంటుంది. వాటిలో మొదటి 446 బైట్లలో ఒక చిట్టి ప్రోగ్రాము, తరువాతి 64 బైట్లలో డిస్కు ఏయే భాగాలుగా విడిపోయి ఉందో చెప్పే పట్టిక, చివరి 2 బైట్లలో ఒక నిర్ణీత గుర్తు ఉంటాయి. ఆ చివరి గుర్తు కనబడకపోతే బయోస్ ఆ డ్రైవును లెక్కచేయకుండా తరువాతి దానికి వెళ్లిపోతుంది. కనబడితే ఆ చిట్టి ప్రోగ్రాముకు పగ్గాలిస్తుంది, అది మిగిలిన వ్యవస్థను లేపుతుంది. ఈ మొదటి 512 బైట్లు ఫైళ్ల జాబితాలో ఎక్కడా కనబడవు గనుకనే కాపీ, పేస్టులతో ఈ పని జరగదు. యూఈఎఫ్ఐ దీన్ని సులభం చేసింది. దానికి ఫ్యాట్ పద్ధతిలోని ఫైళ్లను చదవడం వచ్చు కనుక, ఈఎఫ్ఐ అనే ఫోల్డరులో బూట్ అనే ఫోల్డరు, దానిలో బూట్‌ఎక్స్64 అనే పేరుతో ఈఎఫ్ఐ రకం ఫైలు కనిపిస్తే దాన్ని నేరుగా నడిపిస్తుంది.

ఒకప్పుడు ఈ పనంతా ఫ్లాపీతో జరిగేది. బయోస్ ఫైలు 1.44 ఎంబీ ఫ్లాపీలో సులువుగా ఇమిడేది; డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన ఫ్లాపీతో కంప్యూటరును లేపి, మెమొరీని నిర్వహించే అదనపు ప్రోగ్రాములేవీ నడవకుండా చూసి, ఫ్లాష్ సాధనాన్ని నడిపేవారు. 1995లో ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు ఎల్ టొరీటో పేరుతో సీడీ నుంచి లేపే పద్ధతిని రూపొందించాయి. కొన్ని ల్యాప్‌టాపుల అప్‌డేట్లు నేటికీ ఆ రూపంలోనే దొరుకుతున్నాయి. మైక్రోసాఫ్ట్ డాస్ కనుమరుగవుతున్న కాలంలో 1994లో జిమ్ హాల్ మొదలుపెట్టిన ఫ్రీడాస్, అసలు డాస్ స్థానాన్ని ఉచితంగా భర్తీ చేసింది. పీట్ బటార్డ్ 2011లో విడుదల చేసిన రూఫస్ అనే చిన్న విండోస్ ప్రోగ్రాము ఫ్రీడాస్‌ను తనలోనే పెట్టుకొని ఉంటుంది కనుక, వేరే ఏ ఫైలూ వెతుక్కోకుండా పెన్ డ్రైవును డాస్ డిస్కుగా మార్చగలదు.

తయారీ క్రమం ఇలా ఉంటుంది. ముందుగా విండోస్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 అనే ఆదేశంతో మదర్‌బోర్డు మోడలు, ప్రస్తుత బయోస్ సంఖ్య చూసుకోవాలి. ఒకే పేరుతో రెండు కూర్పుల బోర్డులు అమ్ముడవుతుంటాయి, ఒకదాని ఫైలు రెండవదానికి పనికిరాదు; బోర్డు మూలన చిన్న అక్షరాలతో అచ్చయిన కూర్పు సంఖ్యను కళ్లతో చూడడం ఒక్కటే నమ్మదగిన మార్గం. మరీ పాత కూర్పు నుంచి నేరుగా తాజా కూర్పుకు వెళ్లకుండా మధ్యలో మరొకటి ఎక్కించాలని కొందరు తయారీదారులు షరతు పెడతారు, దాన్ని దాటవేయకూడదు. ఫైలును తయారీదారు సొంత సైటు నుంచే తీసుకొని, వారు షా256 సంకేతం ఇచ్చి ఉంటే సర్ట్‌యుటిల్ ఆదేశంతో సరిపోల్చుకోవాలి. అది 64 అక్షరాల వరుస; ఫైలులో ఒక్క బిట్టు మారినా వరుస పూర్తిగా మారిపోతుంది. సిగ్నలు అందీఅందని చోట డౌన్‌లోడ్ మధ్యలో తెగిన ఫైలును పట్టుకోవడానికి ఇంతకు మించిన సాధనం లేదు.

తరువాత ఖాళీ చేయడానికి వెనుకాడనక్కరలేని ఒక పెన్ డ్రైవ్ తీసుకోవాలి, ఎందుకంటే రూఫస్ దానిలో ఉన్నదంతా చెరిపేస్తుంది. 32 జీబీ లోపుది మేలు. అంతకంటే పెద్దవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, దాన్ని చదవగలగాలన్న నియమం యూఈఎఫ్ఐకి లేదు. రూఫస్‌లో ఫ్రీడాస్‌ను, పైన చెప్పిన మొదటి 512 బైట్ల పద్ధతి అయిన ఎంబీఆర్ విభజనను, ఫ్యాట్32ను ఎంచుకొని పని ముగించాక, ఫ్లాష్ సాధనాన్నీ బయోస్ ఫైలునూ మొదటి ఫోల్డరులోనే, ఎనిమిది అక్షరాలకు మించని పేర్లతో పెట్టుకుంటే డాస్ తెర మీద టైపు చేయడం తేలిక. అయితే ఫ్రీడాస్ పాత బయోస్ పద్ధతిలోనే లేస్తుంది. ఆ పద్ధతికి 2020 కల్లా స్వస్తి చెబుతామని ఇంటెల్ 2017లోనే ప్రకటించింది కనుక కొత్త యంత్రాల్లో అది లేవకపోవచ్చు. వాటికి తయారీదారు ఇచ్చే ఈఎఫ్ఐ రకం సాధనాన్ని వాడాలి. సీడీ ఇమేజ్‌గా వచ్చిన అప్‌డేటును లినక్స్‌లో గెట్‌ఎల్‌టొరీటో అనే సాధనంతో విప్పి, డీడీ ఆదేశంతో పెన్ డ్రైవ్ మీద రాయవచ్చు. డీడీతో ఒక హెచ్చరిక తప్పదు: గమ్యం పేరులో ఒక్క అక్షరం తప్పినా అది పెన్ డ్రైవుకు బదులు హార్డ్ డిస్కును తుడిచేస్తుంది, అడగను కూడా అడగదు.

తర్లగూడ వంటి చోటికి ఈ పద్ధతి ఎందుకు సరిపోతుందో ఇక్కడ అర్థమవుతుంది. నెట్ కావలసిన పనులన్నీ, అంటే ఫైలు దించడం, సంకేతం సరిపోల్చడం, పెన్ డ్రైవ్ తయారుచేయడం, ఏటూరునాగారంలోనో వరంగల్‌లోనో మరో కంప్యూటరు మీద ముగించుకోవచ్చు. వేరే యంత్రం మీద ఆ పెన్ డ్రైవ్ డాస్ తెర దాకా వస్తోందా అని అక్కడే పరీక్షించుకోవచ్చు కూడా. ఊళ్లో మిగిలేది కొన్ని నిమిషాల పని. దానికి నెట్ అక్కరలేదు, కరెంటు మాత్రం కావాలి.

ఆ కొన్ని నిమిషాలే ప్రమాదం. ఫ్లాష్ చిప్పులో రాత కాగితం మీద కొట్టివేతలా ఉండదు, పలక మీద రాతలా ఉంటుంది. ముందు ఒక భాగమంతా తుడవాలి, ఆ తరువాతే రాయాలి. తుడిచినప్పుడు ఆ భాగంలోని బిట్లన్నీ 1 అవుతాయి, రాసినప్పుడు కావలసినచోట 0 అవుతాయి. 0ను తిరిగి ఒంటరిగా 1 చేయడం కుదరదు, మళ్లీ ఆ భాగమంతా తుడవాల్సిందే. సాధారణంగా 4 కేబీ లేదా 64 కేబీ చొప్పున, 16 ఎంబీ ఉండే చిప్పును ఇలా తుడుస్తూ రాస్తూ పోతున్నప్పుడు కరెంటు పోతే, కొంత పాతది, కొంత కొత్తది, నడుమ ఏమీ లేని ఒక భాగం మిగులుతాయి. మరుసటిసారి ప్రాసెసర్ మొదటి ఆదేశం కోసం చూస్తే అక్కడ అర్థమున్న ఆదేశం ఉండకపోవచ్చు. అందుకే ల్యాప్‌టాపులో బ్యాటరీ చాలినంత లేకపోయినా, అడాప్టరు పెట్టకపోయినా చాలా సాధనాలు పని మొదలుపెట్టవు. డెస్క్‌టాపుకు అటువంటి కాపలా లేదు. యూపీఎస్ లేకుండా, దాని బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ముందుగా చూసుకోకుండా మొదలుపెట్టకూడదు. ఇన్వర్టరు మీద నడిచే చోట కరెంటు మారే క్షణంలో డెస్క్‌టాపు రీస్టార్టవుతుందేమో కూడా ఒకసారి మెయిన్ ఆపి పరీక్షించడం మంచిది. ఉరుములు మెరుపుల రోజున ఈ పని పెట్టుకోకపోవడమే ఉత్తమం.

చిప్పులో రాత చెడితే ఏమవుతుందో ప్రపంచానికి పెద్దయెత్తున తెలిసింది 1999 ఏప్రిల్ 26న. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్‌హావ్ రాసిన సీఐహెచ్ వైరస్ ఆ రోజున హార్డ్ డిస్కుల మొదటి భాగాన్ని చెరిపి, కొన్ని రకాల బోర్డుల మీద బయోస్‌ను కూడా పాడుచేసింది; ఆసియా దేశాల్లో నష్టం ఎక్కువగా జరిగింది. ఆ తరువాత బోర్డుల మీద రెండవ బయోస్ చిప్పు పెట్టడం, తయారీదారు డిజిటల్ సంతకం లేని ఫైలును తిరస్కరించడం వంటి రక్షణలు క్రమంగా పెరిగాయి. 2011 ఏప్రిల్‌లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ బయోస్ రక్షణకు ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది. కొన్ని బోర్డుల వెనుక ఉండే ఫ్లాష్‌బ్యాక్ మీట, ప్రాసెసరు కూడా లేకుండా పెన్ డ్రైవులోని ఫైలును చిప్పులోకి ఎక్కిస్తుంది. ఇవేవీ లేనప్పుడు మిగిలేది ప్రోగ్రామరు: చిప్పు ఎనిమిది కాళ్లకు క్లిప్పు తగిలించి, మరో కంప్యూటరు నుంచి నేరుగా రాసే చిన్న పరికరం. దాని ధర కొద్దిపాటిదే, వాడే చేయి దొరకడమే కష్టం.

పని మొదలుపెట్టేముందు విండోస్‌లో బిట్‌లాకర్ అనే తాళం ఉందో లేదో చూసి తాత్కాలికంగా ఆపాలి. లేకపోతే ఫర్మ్‌వేర్ మారిందని గమనించిన టీపీఎం తాళంచెవి ఇవ్వక, విండోస్ 48 అంకెల రికవరీ సంఖ్య అడుగుతుంది. బయోస్ మెనూలోని పేజీలన్నింటినీ ఫోనుతో ఫొటోలు తీసుకోవడం కూడా అంతే అవసరం, ఎందుకంటే అప్‌డేట్ తరువాత అమరికలన్నీ తయారీనాటి స్థితికి వెళ్లిపోవచ్చు. విండోస్ పాత పద్ధతిలో ఎక్కించి ఉండగా బయోస్ యూఈఎఫ్ఐ పద్ధతికి మారినా, డిస్కు ఏహెచ్‌సీఐ అమరికకు బదులు రెయిడ్‌కు మారినా కంప్యూటరు లేవదు. అప్‌డేట్ చెడగొట్టిందని కంగారుపడి చాలామంది విండోస్‌ను మళ్లీ ఎక్కించుకుంటారు, నిజానికి ఫొటోలో ఉన్న ఒక్క అమరికను వెనక్కి పెడితే సరిపోతుంది.