బేలు మీద మీ పత్తి జాతకం

ఇదివరకు పత్తి మిల్లు గేటు దాటిందంటే రైతుకీ దానికీ బంధం తెగిపోయేది. ఎవరి పత్తి ఎందులో కలిసిందో దేవుడికే ఎరుక. ఇప్పుడలా కాదు రైతు సోదరులారా!

భారత పత్తి సంస్థ (సి.సి.ఐ.) కొన్న పత్తిని జిన్నింగు మిల్లులో గింజ తీసి, సుమారు 170 కిలోల బేళ్లు కడతారు. బేలుకు క్యూఆర్ గుర్తు అంటిస్తారు. బేలు కొన్న నూలు మిల్లువాళ్లు ఆ గుర్తును ఫోనుతో చూస్తే చాలు, పత్తి ఎక్కడ కొన్నదీ, ఏ మిల్లులో ఆడిందీ తెలిసిపోతుంది.

"మిల్లోళ్ల గొడవ మనకెందుకు?" అంటారా? ఉంది. యూరియా సంచుల పోగులు పత్తిలో కలిస్తే వాటికి రంగు అంటదు, గుడ్డ పాడవుతుంది. అలాంటి బేలు ఏ ప్రాంతానిదో ఇక దాగదు. అందుకే పత్తి ఏరేటప్పుడు ప్లాస్టిక్ సంచులు వాడకండి. గుడ్డ సంచులే మేలు.

సమాచారం మన వైపు నుంచి కూడా పోతుంది. సి.సి.ఐ. 2025లో 'కపాస్ కిసాన్' యాప్ తెచ్చింది. 2025-26 సీజన్లో మద్దతు ధరకు అమ్మాలంటే అందులో పేరు, భూమి, పంట వివరాలు నమోదు చేసుకుని, స్లాటు తీసుకుని కేంద్రానికి వెళ్లాల్సి వచ్చింది. మీరు బండి కట్టకముందే మీ లెక్క అక్కడికి చేరుతుందన్నమాట. ఆ లెక్క తప్పయితే? ఎంత తెల్లటి పత్తి తెచ్చినా గేటు దగ్గరే చిక్కు. కిరాయి దండగ.

కాబట్టి ముందే మూడు చూసుకోండి. ఒకటి, పంట నమోదులో పత్తి ఎన్ని ఎకరాలని రాశారో వ్యవసాయ విస్తరణాధికారిని అడగండి. రెండు, ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు ఇంకా మీ చేతిలోనే ఉందా? మూడు, డబ్బు పడే బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసి ఉందా? కౌలు రైతులైతే సీజనుకు ముందే భూ యజమానితో మాట్లాడుకుని కాగితాలు సరిచేసుకోవాలి.

తేమ సంగతీ మరవకండి. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం లోపుంటేనే పూర్తి ధర. 12 శాతం ఉంటే సుమారు 324 రూపాయలు కోత. అది దాటితే కొనరు. పొద్దున మంచు ఆరాక ఏరండి, ఆరబెట్టి తీసుకెళ్లండి.

కాంటా అయ్యాక తేమ, తూకం, ధర రాసిన రశీదు అడిగి తీసుకోండి. మన లెక్క వాళ్ల దగ్గరుంది. వాళ్ల లెక్క మన దగ్గర ఉండొద్దూ?