పత్తర్‌గట్టిలో రాత్రి తొమ్మిదింటికి...

సాయంత్రం ఏడైతే చాలు, మదీనా చౌరస్తా నుంచి చార్‌కమాన్ దాకా పత్తర్‌గట్టి రంగు మారిపోతుంది. రాతి కమానుల కింద ముత్యాల దుకాణాలు, బట్టల కొట్లు, అత్తరు సీసాలు. వాటి ముందు రోడ్డు పొడవునా తోపుడుబళ్లు. గాజులు, జడపిన్నులు, చెప్పులు, చేతిరుమాళ్లు... బండికో రెండు బల్బులు. దుకాణాలకైతే మీటర్లున్నాయి. మరి ఈ బళ్లకి కరెంటు ఎక్కణ్నుంచి వస్తోంది?

ఒకప్పుడు పెట్రోమాక్స్ లైట్లు బుస్సుమంటూ వెలిగేవి. తర్వాత బ్యాటరీలొచ్చాయి. పగలెక్కడో చార్జింగ్‌కి పెట్టి, డబ్బులిచ్చి తెచ్చుకోవాలి. మేం కలిసిన గాజుల బండి పెద్దాయన ఆ బాధ పడలేక, వెనక గల్లీలో తాను అద్దెకుంటున్న మూడంతస్తుల ఇంటి డాబా మీద వంద వాట్ల సోలార్ ప్యానెల్ పెట్టించుకున్నారు. అక్కణ్నుంచి వైరు కిందికి దిగుతుంది. పగలంతా గల్లీలో నిలబెట్టే బండి అరలో 12 వోల్టుల బ్యాటరీ. పక్కనే అరచేతంత చార్జ్ కంట్రోలర్. రెండు ఎల్ఈడీ బల్బులు, ఒక చిన్న ఫ్యాన్.

ఏడాదిపాటు బాగానే నడిచింది. ఎండలు ముదిరే వేళకి మొదలైంది తిప్పలు. రాత్రి తొమ్మిదయ్యేసరికి బల్బులు మసకబారి ఆరిపోవడం! అసలు బేరం మొదలయ్యేదే అప్పుడు. పైగా ముందు రంజాన్. ఆ నెలలో పత్తర్‌గట్టి తెల్లవారుజాము దాకా నిద్రపోదు. ఏడాది మొత్తానికి నాలుగు డబ్బులు కళ్లజూసేదీ అప్పుడే. చీకట్లో గాజుల రంగు ఎవరికి కనబడుతుంది?

‘బ్యాటరీ పోయింది, కొత్తది కొనుమన్నరు సార్. ఏడెనిమిది వేలంట. ఆ పైసలు పెడితే మాల్ దేంతోని తేవాలె?’ అన్నారాయన.

ఆయనకు తెలిసిన కుర్ర మెకానిక్ ఒకరొచ్చారు. అందరూ ‘ఉస్తాద్’ అనే పిలుస్తారు. చేతిలో మల్టీమీటరు, హైడ్రోమీటరు. వస్తూనే కొత్త బ్యాటరీ మాటెత్తలేదు. పొద్దున్నే, ప్యానెల్ మీద ఎండ పడకముందే వోల్టేజి చూశారు. 11.8!

ఈ అంకె ఏం చెబుతుందో ఇళ్లలో ఇన్వర్టరున్నవాళ్లూ తెలుసుకోవచ్చు. లెడ్ యాసిడ్ బ్యాటరీని కొన్ని గంటలపాటు చార్జింగూ లేకుండా, వాడకమూ లేకుండా వదిలేసి చూస్తే, నిండుగా ఉన్నది 12.7 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2 అంటే సగం. 11.8 అంటే అడుగంటినట్టే. చార్జింగ్ జరుగుతున్నప్పుడు కనిపించే అంకెను నమ్మకూడదు. అది 13, 14 చూపించినా లోపల కడుపు ఖాళీగానే ఉండొచ్చు.

ఉస్తాద్ బ్యాటరీని తన దుకాణానికి తీసుకెళ్లి, గోడ కరెంటుతో ఓ పగలూ ఓ రాత్రీ నెమ్మదిగా చార్జ్ చేశారు. కాసేపు ఆగి చూస్తే 12.6. ఆరు గదుల్లోనూ హైడ్రోమీటరు దాదాపు ఒకే అంకె చూపింది. ఒక గది మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవాలట. ఇక్కడ అలా లేదు.

‘ఇది సచ్చిపోలే చాచా, ఆకలి మీదుంది. దీనికి తిండి ఎందుకు అందుతలేదో చూడాలె’ అన్నారు.

అక్కణ్నుంచి డాబా మీదికి. పాతబస్తీలో పావురాలకేం తక్కువ! ప్యానెల్ మీద ధూళి, దానిపై మూడుచోట్ల పావురాల రెట్టలు. అంత చిన్న మరకతో ఏమవుతుందిలే అనుకుంటాం. కానీ ప్యానెల్‌లోని 36 గడులు దండలో పూసల్లా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒక్క గడి పూర్తిగా మూసుకుపోయినా దాంతోపాటు వరసలో చాలాభాగం పడకేస్తుంది. పైగా పక్కింటివాళ్లు కొత్తగా పెట్టిన నీళ్ల ట్యాంకు నీడ రెండు దాటాక సరిగ్గా ప్యానెల్ మీదే. తడిబట్టతో తుడిచి, నాలుగడుగులు అటు జరిపి, మొహం దక్షిణానికి తిప్పారు. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా కదలకుండా ఉండే ప్యానెల్‌ను దాదాపు 17 డిగ్రీల వాలులో పెడితే సరిపోతుంది.

అసలు దొంగ మాత్రం ఇంకా దొరకలేదు. మిట్టమధ్యాహ్నం చార్జింగ్ జోరుగా సాగుతుండగా రెండు చోట్ల కొలిచారు. డాబా మీద ప్యానెల్ దగ్గర 14.6 వోల్టులు. కింద బ్యాటరీ దగ్గర 13.0. మధ్యలో 1.6 వోల్టులు మాయం! అంత మింగేసింది ఎవరు? పన్నెండు మీటర్ల వైరు. పోనూ రానూ ఇరవై నాలుగు. ఇంటి బల్బులకి వాడే సన్నటి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ అది. 230 వోల్టుల్లో ఒకటిన్నర పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల లెక్కలో అది పెద్ద దోపిడీ.

మరి ఏడాదిపాటు ఎలా నడిచింది? ఇక్కడే తమాషా ఉంది. ఎండ ఎంత కాస్తే సోలార్‌కి అంత మంచిదని మనం అనుకుంటాం. వెలుగు కావాలి నిజమే, వేడి పనికిరాదు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 18 వోల్టులతో కరెంటిచ్చే ప్యానెల్, డాబా మీద కాగి 65 డిగ్రీలకి చేరితే పదిహేను దగ్గరకి జారుతుంది. బ్యాటరీ పూర్తిగా నిండాలంటే దాని కొసల దగ్గర సుమారు 14.4 వోల్టులు అందాలి. పదిహేనులోంచి ఒకటిన్నర వైరు తినేస్తే మిగిలేదెంత? చలికాలంలో ఎలాగో నెట్టుకొచ్చింది, ఎండాకాలంలో చేతులెత్తేసింది. చవకరకం పీడబ్ల్యూఎం కంట్రోలర్ ఈ లోటును పూడ్చలేదు. ఎంపీపీటీ రకమైనా అంతే, ప్యానెల్ వోల్టేజి బ్యాటరీకన్నా పైనుంటేనే దాని ప్రతాపం.

నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశారు. మాయమయ్యే వోల్టేజి 0.6కి దిగింది. బ్యాటరీ కొసల మీద పేరుకున్న తెల్లటి బూజును వేణ్నీళ్లతో కడిగి, బిగించి, పెట్రోలియం జెల్లీ పూశారు. ఖర్చు కొత్త బ్యాటరీలో పావు వంతు కూడా కాలేదు.

ఒక్క విషయం దగ్గర మాత్రం ఉస్తాద్‌కి కోపమొచ్చింది. బల్బుల తీగ కంట్రోలర్‌కి కాకుండా నేరుగా బ్యాటరీకి ఉంది! వోల్టేజి బాగా తగ్గితే కంట్రోలర్ బల్బుల్ని ఆపేస్తుంది. ‘బేరం నడుమ బంద్ చేస్తుంటే ఏం జేయాలె బేటా?’ అని పెద్దాయన దాన్ని పక్కకి తప్పించారు. మనమైనా అదే చేస్తామేమో! అలా పీల్చి పిప్పిచేసిన బ్యాటరీ వారాల తరబడి సగం కడుపుతో ఉంటే, లోపలి సీసం పలకల మీద సల్ఫేటు పాకం గట్టిపడ్డట్టు పేరుకుపోతుంది. మొదట్లో కరుగుతుంది, ముదిరితే కరగదు. నీళ్లు తగ్గాయని కుళాయి నీళ్లు పోయడం ఇంకో పాపం. డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ పలకలు మునిగేంత.

విప్పి బిగించడానికీ ఒక వరస ఉంది. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్. చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దగ్గర్లో బీడీ ముట్టించకూడదు, మూసిన గదిలో పెట్టకూడదు. ఈ అంకెలన్నీ లెడ్ యాసిడ్ బ్యాటరీలకే. లిథియం బ్యాటరీ లెక్కలు వేరు, కంట్రోలర్‌లో సెట్టింగూ వేరు. ఇక ఇంటి కరెంటు లైనుకి కలిపే మామూలు రూఫ్‌టాప్ సోలార్‌కి బ్యాటరీయే ఉండదు. లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. డాబా మీద పలకలున్నా ఇంట్లో చీకటేమిటని కంగారుపడొద్దు.

మళ్లీ పత్తర్‌గట్టికే వద్దాం. 1908 మూసీ వరదల తర్వాత ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, నిజాం కాలంలో తీర్చిదిద్దిన బజారిది. ఆ కమాను కిందే నిలబడి ఉస్తాద్, పెద్దాయన కాగితం మీద లెక్కేశారు. బల్బులూ ఫ్యానూ కలిపి 35 వాట్లు. మామూలు రోజు ఆరు గంటలు, అంటే 210 వాట్ అవర్లు. ప్యానెల్ రోజుకి సుమారు 350 ఇస్తుంది, దిగుల్లేదు. రంజాన్‌లో పది గంటలు వెలగాలంటే? సరిగ్గా 350. ఒక్కరోజు మబ్బు పట్టినా అప్పే. పైగా ఇన్నాళ్ల ఆకలికి బ్యాటరీ కొంత బలం పోగొట్టుకుంది, అది తిరిగిరాదు.

పెద్దాయన కాగితం వంక చూసి, బల్బుల వంక చూసి, ఫ్యాన్ తీగ పీకేశారు. వారం తర్వాత మేం వెళ్లేసరికి రాత్రి పదకొండు దాటింది. ఒకమ్మాయి రెండు డజన్ల గాజులు బల్బు కిందకి పట్టి, ఏది ఆకుపచ్చో ఏది నీలమో తేల్చుకుంటోంది. పెద్దాయన అట్టముక్కతో విసురుకుంటూ, ఆమె తేల్చుకునేదాకా ఆగారు.