పన్నెండు సూత్రాలూ రాస్తే సరిపోతుందా?

హరిత రసాయనశాస్త్రం మీద పది మార్కుల ప్రశ్న వచ్చిందంటే చాలు, పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ 1998లో చెప్పిన పన్నెండు సూత్రాలనీ వరసగా అప్పజెప్పేస్తాం. పేజీ నిండుతుంది కానీ విషయం అర్థమైనట్టు కనబడదు. రెండు మూడు సూత్రాలే తీసుకుని, ఒక ఉదాహరణ మీద నడిపించడం మేలని నాకనిపిస్తుంది.

ఐబుప్రొఫెన్ తీసుకోండి. నెలసరి నొప్పికి మన హాస్టల్ గదుల్లో చేతులు మారే మాత్రే. పాత పద్ధతిలో దాని తయారీకి ఆరు దశలు. వాడే పదార్థాల అణుభారాలన్నీ కలిపితే 514.5, అందులో ఐబుప్రొఫెన్‌గా చేతికొచ్చేది 206. అంటే 40 శాతం. మిగతాదంతా వ్యర్థమే. ఈ శాతాన్నే ఆటమ్ ఎకానమీ అంటారు.

కొత్త పద్ధతిలో మూడే దశలు. ఐసోబ్యూటైల్ బెంజీన్ 134, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ 102, హైడ్రోజన్ 2, కార్బన్ మోనాక్సైడ్ 28, మొత్తం 266. 206ని దీంతో భాగిస్తే 77 శాతం. మిగిలిన 60 ఎసిటిక్ ఆమ్లం. దాన్నీ వేరుచేసి వాడుకోవచ్చు. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే లెక్క పరీక్ష హాల్లోనే వేసుకోవచ్చు, బట్టీ అక్కర్లేదు.

దీన్ని దిగుబడితో కలిపేయకండి. పాత పద్ధతిలో ప్రతి దశలోనూ దిగుబడి నూటికి నూరు వచ్చినా, ఆటమ్ ఎకానమీ ఆ 40 దగ్గరే ఉంటుంది.

ఉత్ప్రేరకాల గురించి కూడా రాయాలి. పాత పద్ధతిలో అల్యూమినియం క్లోరైడ్ పెద్ద మొత్తంలో వాడాక వ్యర్థంగా మిగిలేది. కొత్తదాంట్లో హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ని తిరిగి రాబట్టి మళ్లీ వాడతారు. కాకపోతే అది ఒంటికి తగిలితే చాలా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్ సరేసరి, విషవాయువు! ఈ లోపాన్ని దాచకుండా రాయండి. ఒక పద్ధతి హరితమా కాదా అంటే, దేనితో పోల్చి చెబుతున్నామన్నది ముఖ్యం కదా.

సుస్థిరతకి 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదికలోని నిర్వచనం ఉంది: రేపటి తరాల అవసరాలకి లోటు రాకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడం. దాని కింద తమిళనాడులోని రాణిపేటని రాయండి. అక్కడ క్రోమేట్ ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లు గడిచినా, అది వదిలిన క్రోమియం వ్యర్థం గుట్టగా మిగిలి భూగర్భజలంలోకి దిగింది. పుట్టాక శుభ్రం చేయడం కన్నా వ్యర్థం పుట్టకుండా చూడమన్న మొదటి సూత్రాన్ని ఇక్కడ పెడితే చక్కగా అతుకుతుంది.